ఎర్ర గడి భయం: పని ఒత్తిడిలో కొత్త ఆలోచన ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

పని ఒత్తిడి గురించీ, ఉద్యోగుల్లో కొత్త ఆలోచనల గురించీ మాట్లాడమని నన్ను పిలిచారు. పరిశోధనల దగ్గరికి తర్వాత వెళ్దాం. ముందు ఒక లాగ్ పుస్తకం గురించి చెప్పాలి. ఈ విషయం నన్ను పట్టుకున్నది ఆ పుస్తకం వల్లే.

చాలా ఏళ్ల క్రితం నేను ఒక ప్యాకింగ్ లైన్‌కి షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉండేదాన్ని. ఒక సైజు పెట్టె నుంచి ఇంకో సైజుకి మారాలంటే మెషిన్ ఆపాలి, పాత గైడ్ పట్టీలు విప్పాలి, కొత్తవి బిగించాలి, కొలతలు సరిచూసుకుని మళ్లీ నడపాలి. దీనికంతా 40 నిమిషాలు పట్టేది. రోజుకి రెండుసార్లు తప్పదు. అది అంతే, ఎవరూ ఏమీ చేయలేరు అన్నట్టు అందరికీ అలవాటైపోయింది.

నేను చేరిన కొత్తలో గోడకి ఒక తెల్లబోర్డు పెట్టించాను. ఎడమ పక్క ఆపరేటర్ల పేర్లు, పైన తేదీలు. షిఫ్టు టార్గెట్ అందుకుంటే పచ్చ గడి, తప్పితే ఎర్ర గడి. నెల తిరిగేసరికి ఉత్పత్తి పెరిగింది. పైవాళ్లు మెచ్చుకున్నారు. పక్క లైన్లలో కూడా అలాంటి బోర్డులే వెలిశాయి.

మా లైన్‌లో అందరికంటే అనుభవం ఉన్న ఆపరేటర్ ఒకాయన ఉండేవారు. తక్కువ మాట్లాడే మనిషి. ఆయన పేరు పక్కన ఎర్ర గడి పడ్డ రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన రిటైరయ్యాక డ్రాయర్ ఖాళీ చేస్తుంటే పాత లాగ్ పుస్తకం ఒకటి దొరికింది. పారేయబోతూ ఊరికే వెనక పేజీలు తిప్పాను. పెన్సిల్‌తో గీసిన బొమ్మలు కనిపించాయి. గైడ్ పట్టీల్ని ఒక్కొక్కటీ విప్పే బదులు వాటన్నిటినీ ఒక ప్లేటు మీద ముందే బిగించి ఉంచుకోవడం, మెషిన్ ఆపగానే నాలుగు బోల్టులు తీసి ప్లేటుకి ప్లేటే మార్చేయడం. అదీ ఆలోచన. కొలతలన్నీ వేసి ఉన్నాయి. కింద '15 నిమిషాలు?' అని రాసి ఉంది. దాని పక్కన 'ట్రయల్‌కి 2 షిఫ్టులు' అని రాసి, గీత గీసి, మళ్లీ కొట్టేసి ఉంది. ఆ పేజీ మీద ఉన్న తేదీకి అప్పటికి 14 నెలలు.

ఆయనకి ఫోన్ చేశాను. "ఇది నాకెందుకు చెప్పలేదండీ?" అని అడిగాను.

"మేడమ్, మొదటి రెండు మూడుసార్లు అది కుదరదు. ప్లేటు కదులుతుంది, పెట్టెలు నలుగుతాయి. ఆ షిఫ్టులన్నిటికీ నా పేరు పక్కన ఎర్ర గడే పడుతుంది. రిటైరయ్యే ముందు ఈ గొడవ ఎందుకులే అనుకున్నాను" అన్నారు.

ఆయన గొంతులో కోపం లేదు. నిష్ఠూరం కూడా లేదు. రేపు వాన పడేట్టుంది అన్నంత మామూలుగా చెప్పారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఫోన్ పెట్టేశాక లెక్క వేశాను. మార్చిన ప్రతిసారీ 25 నిమిషాలు మిగిలితే, రోజుకి రెండుసార్లు, నెలకి 25 రోజులు, 14 నెలలు. సుమారు 290 గంటలు. ఉత్పత్తి పెంచిందని నేను గర్వపడ్డ బోర్డు, ఆ 290 గంటల్నీ ఒక డ్రాయర్‌లో పెట్టి తాళం వేసింది.

అప్పటి నుంచి ఈ విషయం మీద చదువుతూ, అడుగుతూ, నా పనిలో పరీక్షించుకుంటూ వస్తున్నాను. ఇన్నేళ్లకి నాకు అర్థమైంది ఇది. ఒత్తిడి అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేవి నిజానికి రెండు. ఒకటి పని పెట్టే ఒత్తిడి, రెండోది లెక్క పెట్టే ఒత్తిడి. సమస్య మన ముందు నిలబడి 'నన్ను పరిష్కరించు' అంటే అది మొదటిది. 'నీకెంత మార్కులు పడతాయో చూసుకో' అని ఎవరో వెనక నిలబడితే అది రెండోది. మొదటిది చాలాసార్లు మనిషి బుర్రకి పదును పెడుతుంది. రెండోది ఆ బుర్రని సమస్య మీద నుంచి లాగి తన మీదకే తిప్పేస్తుంది.

పని పెట్టే ఒత్తిడికి అపోలో 13 కంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. 1970 ఏప్రిల్‌లో చంద్రుడి మీదకి బయల్దేరిన నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురు వ్యోమగాములు ప్రధాన నౌకని వదిలి, చంద్రుడి మీద దిగడానికి తెచ్చుకున్న చిన్న నౌకలోకి మారారు. అది ఇద్దరు మనుషుల కోసం, సుమారు రెండు రోజుల కోసం తయారైనది. ముగ్గురు అందులో దాదాపు నాలుగు రోజులు గడపాలి. వాళ్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుపోతోంది. దాన్ని పీల్చుకునే డబ్బాలు ప్రధాన నౌకలో ఇంకా ఉన్నాయి. కానీ అవి చదరంగా ఉన్నాయి, చిన్న నౌకలో అవి దూరాల్సిన రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయి. భూమి మీద ఇంజనీర్లు, నౌకలో ఏయే వస్తువులు ఉన్నాయో అవే ముందు పెట్టుకుని కూర్చున్నారు. ప్లాస్టిక్ సంచులు, పుస్తకాల అట్టలు, వ్యోమగామి సూట్‌కి ఉండే గొట్టాలు, అంటించే టేపు. వాటితోనే ఒక అమరిక తయారుచేసి, ఎలా చేయాలో ఒక్కో మెట్టూ రేడియోలో చదివి చెప్పారు. అది పనిచేసింది. ముగ్గురూ క్షేమంగా తిరిగొచ్చారు.

ఈ కథ చెప్పి చాలామంది మేనేజర్లు 'చూశారా, ఒత్తిడి పెడితే కొత్త ఆలోచనలు వస్తాయి' అంటారు. దయచేసి అలా అనకండి. ఆ గదిలో ఏం ఉందో, ఏం లేదో చూడండి. గడువు ఉంది, ప్రాణాల మీదకి వచ్చిన ప్రమాదం ఉంది. సమస్య ఏమిటో అందరికీ ఒకేలా తెలుసు. మిగతా పనులన్నీ పక్కన పెట్టేశారు. కానీ ఎవరి ఐడియాకి ఎంత రేటింగ్ అన్న లెక్క అక్కడ లేదు. చదర డబ్బాకి టేపు చుట్టి చూద్దామన్న మనిషి, అది ఫెయిలైతే అప్రైజల్‌లో ఏం రాస్తారో అని ఆలోచించాల్సిన అవసరం లేదు. ఆ బుర్రలన్నీ డబ్బా మీదే ఉన్నాయి.

ఇక లెక్క పెట్టే ఒత్తిడి బుర్రని ఏం చేస్తుందో చూద్దాం. కార్ల్ డంకర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసిన ఒక చిన్న చిక్కుప్రశ్న ఉంది. మీ ముందు బల్ల మీద ఒక కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక అట్టపెట్టె నిండా గుండుపిన్నులు ఉన్నాయి. కొవ్వొత్తిని గోడకి అమర్చి వెలిగించాలి, మైనం బల్ల మీద పడకూడదు. చాలామంది కొవ్వొత్తికే పిన్నులు గుచ్చి చూస్తారు. మైనం కరిగించి గోడకి అంటించాలని చూస్తారు. జవాబు ఏమిటంటే పిన్నులు ఒలికించి, ఖాళీ పెట్టెని గోడకి గుచ్చి, దాని మీద కొవ్వొత్తిని నిలబెట్టడం. పెట్టె మొదటి నుంచీ కళ్ల ముందే ఉంటుంది. కానీ అది పిన్నులు పెట్టుకునే పెట్టెలాగే కనిపిస్తుంది తప్ప, ఒక పీటలాగా కనిపించదు.

1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ప్రశ్నని రెండు గుంపులకి ఇచ్చాడు. ఒక గుంపుకి, మామూలుగా ఎంతసేపు పడుతుందో చూస్తున్నామని చెప్పాడు. ఇంకో గుంపుకి, త్వరగా చేసినవాళ్లకి డబ్బు బహుమతి అని చెప్పాడు. బహుమతి కోసం చేసినవాళ్లకి సగటున మూడున్నర నిమిషాలు ఎక్కువ పట్టింది. తక్కువ కాదు, ఎక్కువ. తర్వాత ఆయనే ఇంకో పని చేశాడు. పిన్నుల్ని ముందే పెట్టెలోంచి తీసి, విడిగా బల్ల మీద పోసి ఇచ్చాడు. ఖాళీ పెట్టె కనిపిస్తోంది కాబట్టి దారి సులువు. అప్పుడు మాత్రం బహుమతి గుంపే ముందు పూర్తి చేసింది.

నాకు ఈ రెండో భాగం చాలా ముఖ్యం అనిపిస్తుంది. జనం మొదటి భాగం చెప్పి వదిలేస్తారు. దారి తెలిసిన పనిలో ఒత్తిడి పనిచేస్తుంది, అబద్ధం కాదు. నా బోర్డు పెట్టిన మొదటి నెల ఉత్పత్తి పెరిగింది అందుకే. రోజూ చేసే పనిని ఇంకాస్త చురుగ్గా చేశారు. కానీ దారి తెలియని పనిలో కళ్లు పక్కకి తిరగాలి. గుర్రానికి కళ్లకి గంతలు కట్టేది పక్కకి చూడకుండా ఉండడానికే కదా. తిన్నగా వేగంగా పోవాలంటే గంతలు మంచివే. దారి వెతుక్కోమని గంతలు కట్టి పంపితే ఏం లాభం?

ఎలుకల మీద యెర్కీస్, డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన 1908 నాటి ప్రయోగంలో కూడా ఇలాంటిదే కనిపించింది. రెండు పెట్టెల మధ్య సులువైన తేడా గుర్తుపట్టడాన్ని, తప్పినప్పుడు గట్టి కరెంటు షాక్ ఇస్తే త్వరగా నేర్చుకున్నాయి. తేడా కష్టంగా ఉన్నప్పుడు మాత్రం షాక్ ఓ మోస్తరుగా ఉంటేనే బాగా నేర్చుకున్నాయి.

ఇప్పుడు ఆఫీసుకి దగ్గరగా ఉండే ప్రయోగం ఒకటి చెబుతాను. ఫ్లోరియన్ ఎడరర్, గుస్తావో మాన్సో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చేసినది, 2013లో అచ్చయింది. కంప్యూటర్‌లో ఒక ఆట. మీరొక నిమ్మరసం బండి నడుపుతున్నారు. మొత్తం 20 విడతలు. బండి ఎక్కడ పెట్టాలి, చక్కెర ఎంత, నిమ్మకాయ ఎంత, రంగు ఏది, ధర ఎంత అన్నది ప్రతి విడతలో మీ ఇష్టం. మీకంటే ముందు బండి నడిపిన మేనేజర్ ఒక ఉత్తరం రాసి పెట్టి వెళ్లాడు. వ్యాపార కూడలిలో పెట్టు, ఇంత చక్కెర వెయ్యి, ఇంతకి అమ్ము అని. అలా చేస్తే ఓ మాదిరి లాభం వస్తుంది. కానీ అసలైన లాభం బడి దగ్గర ఉంది. అక్కడ మొదట్లో నష్టం కూడా రావచ్చు, ఎందుకంటే రుచి, ధర అన్నీ వేరేగా కుదరాలి.

ఒక గుంపుకి ప్రతి విడతలో జీతం స్థిరం. రెండో గుంపుకి 20 విడతల లాభంలోనూ సగం. మూడో గుంపుకి ఆఖరి 10 విడతల లాభంలో మాత్రమే సగం, అంటే మొదటి 10 విడతల్లో ఎంత పాడుచేసినా వాళ్ల డబ్బు పోదు. ఏమైందో మీరు ఊహించే ఉంటారు. ప్రతి విడతకీ లెక్క కట్టిన రెండో గుంపు, పాత మేనేజర్ చెప్పిన కూడలిలోనే ఉండి చక్కెర కాస్త అటూ ఇటూ మార్చుకుంటూ గడిపేసింది. మూడో గుంపులో బడి దాకా వెళ్లినవాళ్లు చాలా ఎక్కువ.

అక్కడితో ఆగలేదు వాళ్లు. మూడో గుంపు లాంటి వాళ్లకే ఇంకో షరతు పెట్టి చూశారు. మొదటి సగంలో లాభం ఒక హద్దు కంటే తగ్గితే ఆట నుంచి తీసేస్తాం అని. వెతుకులాట తగ్గిపోయింది. ఒకవేళ తీసేసినా చేతికి కొంత డబ్బు ఇచ్చి పంపుతాం అని చెప్పినప్పుడు వెతుకులాట మళ్లీ కోలుకుంది. అంటే మనుషుల్లో సోమరితనం, తెలివి ఏమీ మారలేదు. తల మీద వేలాడే కత్తి ఉందా లేదా అన్నదే మారింది. మా ఆపరేటర్ గారు బడి ఎక్కడుందో కనిపెట్టేశారు, మ్యాప్ గీసుకున్నారు. రెండు షిఫ్టుల నష్టానికి భయపడి కూడలిలోనే బండి పెట్టుకున్నారు.

రోజువారీ తొందర సంగతి కూడా చెప్పాలి. తెరెసా అమాబిలె అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఏడు కంపెనీల్లో 177 మంది ఉద్యోగుల చేత ప్రతిరోజూ డైరీ రాయించారు. 9,000కు పైగా డైరీ పేజీలు. ఫలితాలు 2002లో వచ్చాయి. గడువు ఒత్తిడి మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో, సృజనాత్మకంగా ఆలోచించే అవకాశం 45 శాతం తక్కువగా కనిపించింది. ఆ రోజుతో పోలేదు, దాని బరువు మర్నాడు, ఆ పై రోజు కూడా ఉంది. ఇంకో మాట. అలాంటి రోజుల్లో ఉద్యోగులు తాము బాగా సృజనాత్మకంగా పనిచేశామని అనుకున్నారు. డైరీలు మాత్రం వేరే చెప్పాయి. ఉరుకులు పరుగులతో గడిచిన రోజు సాయంత్రం 'ఈరోజు ఇరగదీశాం' అనిపించడం మనందరికీ తెలిసిందే. ఇరగదీసింది పనుల జాబితాని. ఆలోచనని కాదు.

అదే పరిశోధనలో ఒత్తిడి ఉన్నా సృజన నిలిచిన రోజులు కొన్ని ఉన్నాయి. ఆ రోజుల్లో మనుషులు ఒకే పని మీద ఉన్నారు, మధ్యలో మీటింగులు, పిలుపులు వాళ్లని ముక్కలు చేయలేదు, ఈ తొందర ఎందుకో వాళ్లకి అర్థమైంది, అందులో న్యాయం కనిపించింది. మళ్లీ అపోలో 13 గదే.

ఇప్పటిదాకా ఒత్తిడి కొత్త ఆలోచనని ఆపేస్తుందని చెప్పాను. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది అది ఆగకపోవడం. మనిషి బుర్ర ఊరుకోదు. పని మీద కొత్తగా ఆలోచించే దారి మూసేస్తే, లెక్క మీద కొత్తగా ఆలోచిస్తుంది.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సంగతి గుర్తు చేసుకోండి. ప్రతి ఖాతాదారుడికీ ఎనిమిది రకాల ఖాతాలో, కార్డులో అంటగట్టాలని సిబ్బందికి టార్గెట్. రోజువారీ లెక్కలు, రోజువారీ ఫోన్లు. 2016 సెప్టెంబరులో బయటపడిందేమిటంటే, ఖాతాదారులకి తెలియకుండా సుమారు 20 లక్షల ఖాతాలు తెరిచి ఉండొచ్చని. అప్పటికే సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 2020లో ఇంకో 300 కోట్ల డాలర్లు కట్టి కేసులు పరిష్కరించుకోవాల్సి వచ్చింది. లేని ఈమెయిల్ చిరునామాలు సృష్టించడం, ఖాతాదారుడి పేరున పిన్ నంబర్లు పెట్టడం, ఇవేవీ బ్యాంకు నియమాల్లో ఉన్నవి కావు. అక్కడి మనుషులు కనిపెట్టుకున్నవి. ఆ తెలివంతా ఖాతాదారుడికి పనికొచ్చే ఒక్క మంచి సేవ మీద పెట్టి ఉంటే అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తప్పు చేసినవాళ్లని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ సాయంత్రం ఆరింటికి లెక్క చూపించకపోతే రేపు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషికి, మనం నిజంగా ఏ దారులు తెరిచి ఉంచాం?

కొలమానమే లక్ష్యమైపోతే అది మంచి కొలమానంగా ఉండదని ఆర్థిక శాస్త్రంలో ఒక సూత్రం ఉంది. చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన మాట నుంచి పుట్టింది కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు.

మనుషుల్ని ఒకరి పక్కన ఒకరిని నిలబెట్టి ర్యాంకులు ఇచ్చే పద్ధతి గురించి ఒక్క మాట. టీమ్‌లో ఎంత బాగా చేసినా కొందరు కింద వరుసలో ఉండి తీరాలి అనేది. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని చాలాకాలం నడిపి 2013లో ఎత్తేసింది. ఎవరో ఒకరు కింద ఉండాల్సిందే అన్నప్పుడు, పక్కవాడికి నా ఐడియా చెప్పడం నా కొమ్మని నేనే నరుక్కోవడం అవుతుంది. కొత్త ఆలోచనలు ఒక్క బుర్రలో పూర్తవడం చాలా అరుదు. సగం ఒకరికి తడుతుంది, మిగతా సగం టీ తాగుతుండగా పక్కవాళ్ల నోట వస్తుంది. ర్యాంకులు ఆ టీ కబుర్లకి అడ్డుపడతాయి.

(సభలోంచి ఒక ప్రశ్న: "మేడమ్, అంటే టార్గెట్లే వద్దంటారా? అప్పుడు ఎవరూ పనిచేయరు కదా?")

మంచి ప్రశ్న. చివర్లో అడగాల్సినది ఇప్పుడే అడిగారు, ఇప్పుడే చెబుతాను. టార్గెట్లు వద్దనడం లేదు. అసలు ఏ ఒత్తిడీ లేని చోట కూడా కొత్త ఆలోచన పుట్టదు, నేను చూశాను. ఎవరూ ఏమీ అడగని చోట మనుషులు అలవాటుగా రోజు గడిపేస్తారు. నేను అడిగేది వేరు. లెక్క ఎప్పుడు చూస్తున్నాం, ఎంత దగ్గర నుంచి చూస్తున్నాం అని.

దీనికి ఒక మంచి పోలిక ఉంది. 2011లో పియర్ అజూలే, జాషువా గ్రాఫ్ జివిన్, ఇందాకటి నిమ్మరసం ఆట మాన్సో ముగ్గురూ కలిసి అమెరికా శాస్త్రవేత్తల మీద చేశారు. హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్ అనే ప్రైవేటు సంస్థ ఒక్కో ప్రాజెక్టుకి కాకుండా మనిషికి డబ్బు ఇస్తుంది. అప్పట్లో ఐదేళ్లకి. మొదట్లో ఫలితాలు రాకపోయినా ఓపిక పడుతుంది. ప్రభుత్వ నిధులు అంతకంటే తక్కువ కాలానికి, ముందే రాసిచ్చిన ప్రాజెక్టుకి, గట్టి నిఘాతో వస్తాయి. దాదాపు ఒకే స్థాయి శాస్త్రవేత్తల్ని పోల్చి చూస్తే, ఓపిక ఉన్న డబ్బు తీసుకున్నవాళ్ల నుంచి గొప్ప ప్రభావం చూపిన పరిశోధనలు ఎక్కువగా వచ్చాయి. వాళ్లకి ఎవరూ పట్టించుకోని పరిశోధనలు కూడా ఎక్కువే వచ్చాయి. రెండూ కలిసే వస్తాయి. గొప్పవి కావాలి, ఫెయిలయ్యేవి మాత్రం వద్దు అంటే ఆ బేరం కుదరదు. వాళ్లకి లెక్క లేదనుకోకండి. ఐదేళ్లకి గట్టి సమీక్షే ఉండేది. కానీ అది ఐదేళ్లకి.

త్రీఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్‌కి సరిగ్గా అంటుకోని జిగురు దొరికింది 1968లో. అంటించి మళ్లీ ఊడదీసే పసుపు చీటీలుగా, అంటే పోస్ట్-ఇట్‌లుగా, అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. పన్నెండేళ్లు, అంటే 48 క్వార్టర్లు. ఏ క్వార్టర్ రివ్యూలో అయినా 'ఆ అంటుకోని జిగురు ఏమైందయ్యా?' అని ఎర్ర గడి పెట్టి ఉండొచ్చు.

ఇంకొక విషయం ఉంది, నాకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది. మౌనం. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో నర్సుల బృందాల్ని పరిశీలించారు. మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు, మంచి బృందాల్లో తక్కువగా ఉంటాయని ఆమె అనుకున్నారు. తీరా చూస్తే, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. లెక్క తప్పిందేమో అనుకున్నారు. తర్వాత అర్థమైంది, అక్కడ పొరపాట్లు ఎక్కువ కావు, చెప్పుకోవడం ఎక్కువ. మిగతా చోట్ల దాచేస్తున్నారు. దాని నుంచే ఆమె 1999లో 51 బృందాల మీద ఇంకో పరిశోధన చేసి, మాట్లాడినందుకు నష్టపోనన్న నమ్మకం ఉన్న బృందాలే బాగా నేర్చుకుంటాయని చూపించారు.

దాచిన పొరపాటూ, దాచిన ఆలోచనా ఒకే డ్రాయర్‌లో ఉంటాయి. ఎక్కడ పొరపాటు చెప్పడానికి భయపడతారో, అక్కడ ఐడియా చెప్పడానికీ భయపడతారు. ఎందుకంటే ప్రతి కొత్త ఐడియా మొదట్లో పొరపాటులాగే కనిపిస్తుంది. పెట్టెలు నలుగుతాయి.

మీ దగ్గర పచ్చ గడులు నిండిన బోర్డు ఉంటే ఒక్కసారి అనుమానించండి. నెలలకి నెలలు ఒక్క ఎర్ర గడి కూడా లేదంటే, అంతా బాగుందని కాదు, ఎవరూ ఏమీ ప్రయత్నించడం లేదని కావచ్చు.

సరే, ఆ ఫోన్ తర్వాత నేనేం చేశానో చెప్పి ఆపుతాను.

మర్నాడు బోర్డు మీద పేర్లు చెరిపేశాను. లైన్ మొత్తానికి ఒకే వరుస. అది సులువే, డస్టర్ తీసుకుంటే అయిపోతుంది. కష్టమైంది తర్వాతి పని. నెలకి రెండు షిఫ్టులు 'ట్రయల్' అని పెట్టి, వాటిని టార్గెట్ లెక్కలోంచి తీసేయాలనుకున్నాను. దానికి నీలం గడి. మా టీమ్ ఒప్పుకోవడానికి రెండు వారాలు పట్టింది, నమ్మలేదు. పైవాళ్లు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. అప్పుడు నాకు తెలిసిందేమిటంటే, నేను కింద పెట్టిన బోర్డు లాంటిదే పైన నా పేరు మీదా ఒకటి ఉందని. నా మేనేజర్ పేరు మీద ఇంకొకటి. కిందవాళ్లకి భయం పోగొట్టాలంటే పైన ఎవరో ఒకరు ఆ ఎర్ర గడి తన పేరు మీద వేసుకోవడానికి సిద్ధపడాలి. మా మేనేజర్ సిద్ధపడ్డారు. ఆయన లేకపోతే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

మొదటి నీలం షిఫ్టులో ప్లేటు కుదరలేదు, పెట్టెలు నలిగాయి. రెండోసారి బోల్టులు సరిపోయాయి కానీ సరిచూసుకోవడానికే అరగంట పట్టింది. మూడోసారి ఇంకా ఘోరం, మధ్యలో ఆపేసి పాత పట్టీలే బిగించాం. ఆ రోజు ఎవరో అన్నారు, పెద్దాయన్నే ఒకసారి పిలుద్దాం అని. నాలుగోసారి ఆయన వచ్చారు. అరగంట చేతులు కట్టుకుని చూశారు. తర్వాత ప్లేటు అంచు మీద వేలు పెట్టి, "ఇక్కడొకటి, అక్కడొకటి పిన్ను పెట్టండి. బోల్టు బిగించకముందే ప్లేటు తన చోట తానే కూర్చోవాలి" అన్నారు. పిన్నులు పెట్టాం. 18 నిమిషాలు.

15 రాలేదు. ఆయన రాసుకున్న ప్రశ్నార్థకం సరైనదే. ఇంటికి వెళ్లబోతూ ఆయన బోర్డు దగ్గర ఆగి నీలం గడులు చూశారు. మూడు ఫెయిలైన షిఫ్టుల కింద ఎవరెవరు ఏం ప్రయత్నించారో టీమ్ వాళ్లు చిన్న అక్షరాలతో రాసి ఉంచారు. ఒక్కొక్కటీ చదివి, మూడోదాని దగ్గర "ఇది నేను కూడా అనుకున్నాను" అన్నారు.

ఇక మీరు అడగండి. ఇందాక వెనక వరుసలో ఒకమ్మాయి చేయెత్తి మళ్లీ దించేసింది. ముందు తనతో మొదలుపెడదాం.